మెదడులో రక్తస్రావం

మెదడులోని రక్తనాళం చిట్లి, రక్తం మెదడు కణజాలంలోకి గాని, మెదడును కప్పి ఉండే పొరల మధ్యకు గాని చేరడాన్ని మెదడులో రక్తస్రావం అంటారు. పక్షవాతానికి గల రెండు ప్రధాన కారణాలలో ఇది ఒకటి. రెండవది, రక్తనాళంలో గడ్డ అడ్డుపడి మెదడులో కొంత భాగానికి రక్తం అందకపోవడం. సంఖ్యలో గడ్డ వలన వచ్చే పక్షవాతాలే ఎక్కువ. కాని మెదడు కణజాలంలో రక్తస్రావం మరింత ప్రాణాంతకమైనది. దీని బారిన పడినవారిలో రమారమి 40 శాతం మంది నెల రోజులలోపే మరణిస్తారు.

పేరులోని చిక్కు

తెలుగునాట ఈ వ్యాధిని "మెదడులో నరం చిట్లింది" అని చెప్పుకోవడం వాడుక. వ్యవహారంలో నరం అనే మాట నాడికీ, రక్తనాళానికీ కూడా చెల్లుతుంది. ఇక్కడ చిట్లేది నాడి కాదు, సాధారణంగా ఒక సన్నని ధమని. పక్షవాతం అనే మాట శరీరంలో ఒక పక్క చచ్చుబడటమనే లక్షణాన్ని చెబుతుందే గాని, కారణాన్ని చెప్పదు. ఆంగ్లేయుల "స్ట్రోక్" కూడా అటువంటిదే. ఈ అస్పష్టత కేవలం భాషకు సంబంధించినది కాదు. గడ్డ వలన వచ్చిన పక్షవాతానికి మొదటి నాలుగున్నర గంటలలోపు గడ్డను కరిగించే మందు ఇస్తారు. అదే మందు రక్తస్రావం జరుగుతున్న రోగికి ఇస్తే ప్రాణం పోవచ్చు. ఇంటివద్ద తోచినట్లు ఆస్పిరిన్ బిళ్ళ మింగించరాదనడానికి కారణం ఇదే.

కారణాలు, నిర్ధారణ

ప్రధాన కారణం అదుపులో లేని అధిక రక్తపోటు. మెదడు లోతుల్లోకి పోయే సన్నని ధమనులు పెద్ద ధమనుల నుండి నేరుగా చీలుతాయి గనుక పెద్ద ధమనిలోని ఒత్తిడి వాటిపై దాదాపు తగ్గకుండా పడుతుంది. ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడికి గోడలు బలహీనపడి ఒకనాడు పగులుతాయి. వృద్ధులలో ధమనుల గోడలలో అమిలాయిడ్ అనే ప్రోటీను పేరుకొనడం, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు, పుట్టుకతో వచ్చిన రక్తనాళ లోపాలు ఇతర కారణాలు. మెదడు పొరలలో లౌతికళ కింద జరిగే రక్తస్రావానికి, దెబ్బలు తగలని సందర్భాలలో, ధమనిపై బుడగవలె ఉబ్బిన భాగం పగలడం ముఖ్య కారణం.

ఎడమ అర్ధగోళంలో రక్తం చేరితే శరీరపు కుడి భాగం చచ్చుబడుతుంది. చాలామందిలో మాట కూడా పడిపోతుంది. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, స్పృహ తప్పడం రక్తస్రావంలో ఎక్కువగా కనిపించినా, లక్షణాలను బట్టి మాత్రమే గడ్డయా, రక్తస్రావమా అన్నది ఎంత అనుభవజ్ఞుడైనా నిశ్చయంగా చెప్పలేడు. 1971లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. స్కాన్‌ను లండన్‌లో తొలిసారి రోగిపై వాడిన తరువాతనే ఈ సమస్య తీరింది. తాజా రక్తం సి.టి. చిత్రంలో తెల్లగా కనిపిస్తుంది.

కోడింగు

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ (ఐ.సి.డి.) ప్రతి వ్యాధికీ ఒక కోడు కేటాయిస్తుంది. దాని పదవ కూర్పులో లౌతికళ కింద రక్తస్రావానికి ఐ60, మెదడు కణజాలంలో రక్తస్రావానికి ఐ61, దెబ్బ తగలకుండా కపాలంలో జరిగే ఇతర రక్తస్రావాలకు ఐ62 కోడులు ఉన్నవి. మొదటిది ఐ అనే అక్షరం, ఒకటి అంకె కాదు. చుక్క తరువాతి అంకె స్థానాన్ని సూచిస్తుంది: ఐ61.0 అర్ధగోళపు లోతు భాగం, ఐ61.1 ఉపరితల భాగం, ఐ61.3 మెదడు కాండం, ఐ61.4 చిన్న మెదడు, ఐ61.5 మెదడు కోష్ఠకాలు. స్థానం రాయకపోతే ఐ61.9.

తలకు దెబ్బ తగిలి జరిగిన రక్తస్రావం ఈ వరుసలోకి రాదు, దానిని ఎస్06 కింద చేర్చాలి. స్నానాలగదిలో పడిపోయిన వృద్ధుని విషయంలో పడటం వలన రక్తస్రావమైనదా, రక్తస్రావమై పడిపోయాడా అన్నది వైద్యుడు రాస్తేనే సరైన కోడు పడుతుంది. ప్రమాద బీమా వ్యవహారాలలో కుటుంబానికి ఈ తేడా చాలా ముఖ్యం.

వైద్యుడు "స్ట్రోక్" అని మాత్రమే రాసి ఊరుకుంటే పదవ కూర్పు దానిని ఐ64లో, అంటే కారణం తెలియని పక్షవాతంగా వేస్తుంది. 2015 అక్టోబరు 1 నుండి అమెరికాలో వాడుకలోకి వచ్చిన మార్పుచేసిన కూర్పులో ఐ64 లేదు. అక్కడ ఒట్టి "స్ట్రోక్" ఐ63.9 క్రిందకు, అనగా గడ్డ వలన వచ్చిన పక్షవాతాలలోకి పోతుంది. ఆ విధంగా రక్తస్రావం లెక్కలలో తన వ్యతిరేకమైన వ్యాధిగా మారిపోవచ్చు.

ఒక ఉదాహరణ

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1944 మార్చిలో పరీక్షించినపుడు రక్తపోటు 186/108 ఉన్నది. దానిని అదుపు చేయగల మంచి మందులు అప్పటికి లేవు. 1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లో తల వెనుక భరించలేని నొప్పి అంటూ స్పృహ తప్పాడు. అప్పుడు కొలిచిన పై సంఖ్య 300 దాటింది. ఆనాడే, 63వ ఏట మరణించాడు. వైద్యులు మెదడులో రక్తస్రావమని నిర్ణయించారు. శవపరీక్ష జరగలేదు, సి.టి. లేదు. కనుక పదవ కూర్పు ప్రకారం ఆ మరణానికి నేడు ఐ61.9 మించి కోడు ఇవ్వలేము. మరణ ధ్రువపత్రంలో అధిక రక్తపోటును మూలకారణంగా రాసినా, మరణ గణాంకాల నియమం ప్రకారం ఐ10 (అధిక రక్తపోటు) బదులు పక్షవాతపు కోడునే ఎన్నుకుంటారు. అందుచేత ఒకే కారణాన్ని లెక్కించే పట్టికలలో రక్తపోటు వలన జరిగిన ఇటువంటి మరణాలు రక్తపోటు పేరిట కనిపించవు.

2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన పదకొండవ కూర్పులో పక్షవాతాన్ని రక్తప్రసరణ వ్యాధుల అధ్యాయం నుండి నాడీమండల వ్యాధుల అధ్యాయానికి మార్చారు. మెదడు కణజాలంలో రక్తస్రావానికి అందులో 8బి00 కోడు, రక్తస్రావమో గడ్డో తెలియని పక్షవాతానికి 8బి20 కోడు ఉన్నవి.