కత్తి అంటే ఈజీ, మంత్రం అంటే కష్టం: ఈ రూల్ ఎవరు పెట్టారు?

ముందు ఒక సీన్ ఊహించుకోండి. నలుగురైదుగురు ఫ్రెండ్స్ టేబుల్ చుట్టూ కూర్చున్నారు. మధ్యలో పాచికలు, కాగితాలు, పెన్సిళ్లు. మీరు ఫస్ట్ టైమ్ ఆడటానికి వచ్చారు. "నేను మాంత్రికుడి క్యారెక్టర్ తీసుకుంటా" అన్నారు. వెంటనే పక్కనున్న సీనియర్, "నువ్వు కొత్త కదా, ఫైటర్ తీసుకో, ఈజీగా ఉంటుంది" అన్నాడు.

పాపం, మీ మంచికే చెప్పాడు. కానీ మీరు అడిగింది ఈజీ క్యారెక్టర్ కాదు, మంత్రాలు వేసే క్యారెక్టర్. ఈ రెండూ వేరు వేరు విషయాలు. మరి ఇవి రెండూ ఎప్పుడు కలిసిపోయాయి? ఈరోజు ఎపిసోడ్‌లో ఆ కథే చెప్పుకుందాం.

గేమ్ పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. షార్ట్‌గా డి అండ్ డి. నెట్‌ఫ్లిక్స్‌లో స్ట్రేంజర్ థింగ్స్ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ పిల్లలు ఆడేది ఇదే. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్లు ఒక్కో పాత్ర తీసుకుని "నేను ఇది చేస్తా" అని చెప్తారు. అది జరిగిందా లేదా అనేది చాలాసార్లు పాచిక తేలుస్తుంది.

ఇది 1974లో అమెరికాలో వచ్చింది. తయారుచేసింది గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. ఒక పెట్టె, అందులో మూడు చిన్న పుస్తకాలు. ఆడటానికి క్లాసులు కూడా మూడే: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. అంటే కత్తి పట్టేవాడు, మంత్రం వేసేవాడు, దేవుడి సేవలో ఉండేవాడు.

ఇక్కడ ఒక పాయింట్ గమనించండి. ఈ గేమ్ పుట్టింది యుద్ధాల ఆటల్లోంచి. చిన్న చిన్న సైనికుల బొమ్మలు పెట్టి ఆడే ఆటలు అన్నమాట. గైగాక్స్ 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి చెయిన్‌మెయిల్ అనే అలాంటి ఆటే రాశాడు. అందుకే కొట్టుకోవడానికి కావాల్సిన రూల్స్ ముందే రెడీగా ఉన్నాయి. ఫైటర్‌కి కొత్తగా రాయాల్సింది పెద్దగా లేదు. మంత్రాలు అలా కాదు కదా. ఒక్కో మంత్రం ఏం చేస్తుంది, ఎంత దూరం పోతుంది, ఎంతసేపు ఉంటుంది, అన్నీ విడివిడిగా రాయాలి. అంటే ఒక మంత్రం రాసినప్పుడల్లా ఒక కొత్త రూల్ పుట్టినట్టే.

ఇంకోటి. మాంత్రికుడు ముందే మంత్రాలు ఎంచుకుని మనసులో పెట్టుకోవాలి, వాడగానే అవి పోతాయి. ఈ ఐడియా జాక్ వాన్స్ రాసిన డైయింగ్ ఎర్త్ కథల నుంచి తీసుకున్నారు. కాబట్టి మ్యాజిక్ యూజర్‌కి ఆట మొదలవ్వకముందే హోంవర్క్ ఉంటుంది. ఫైటర్‌కి అది లేదు.

మరి ఇది అన్యాయం కాదా అంటే, అప్పటి లెక్క వేరు. ఫస్ట్ లెవెల్ మాంత్రికుడికి ఉండేది ఒకే ఒక్క మంత్రం. అది వాడేశాక ఫైటర్ వెనక దాక్కోవడమే. రెండో లెవెల్‌కి ఎక్కాలంటే ఫైటర్‌కి 2,000 ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు చాలు, మాంత్రికుడికి 2,500 కావాలి. మొదట్లో కష్టపడితే తర్వాత పవర్ వస్తుంది, అదీ డీల్. పైగా రూల్స్ తక్కువ ఉన్నంత మాత్రాన ఫైటర్‌కి బుర్ర పనిలేదని కాదు. "కారిడార్‌లో నూనె పోసి నిప్పు పెడతా" అని ఎవరైనా చెప్పొచ్చు. దానికి కార్డు మీద ఆప్షన్ ఉండక్కర్లేదు.

కానీ 1975లో గ్రేహాక్ అనే అదనపు పుస్తకం వచ్చింది. మాంత్రికుడి మంత్రాలు ఆరో స్థాయి నుంచి తొమ్మిదో స్థాయి దాకా పెరిగాయి. అప్పట్నుంచి ఇదే వరస. కొత్త పుస్తకం, కొత్త మంత్రాలు. మాంత్రికుడి మెనూ పెరుగుతూనే పోయింది. ఫైటర్‌ది మాత్రం చాలాకాలం "నేను కొడతా" దగ్గరే ఆగింది. ఎవరూ కూర్చుని "కత్తి కొత్తవాళ్లకి, మంత్రం ముదుర్లకి" అని తీర్మానం చేయలేదు. పుస్తకాలు పెరిగేకొద్దీ అలా తయారైంది, అంతే.

2000లో థర్డ్ ఎడిషన్ వచ్చింది. అప్పటికి గేమ్ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ చేతిలో ఉంది. వాళ్లు ఫీట్స్ అని తెచ్చారు, అంటే మనం ఎంచుకునే స్పెషల్ నైపుణ్యాలు. 20 లెవెల్స్‌లో అందరికీ 7 వస్తే, ఫైటర్‌కి పైన ఇంకో 11. హమ్మయ్య, ఫైటర్‌కీ ఆప్షన్లు వచ్చాయి అనుకున్నారు. ట్విస్ట్ ఏంటంటే, అన్ని ఫీట్లూ సమానంగా పనికిరావు. తప్పుగా ఎంచుకుంటే క్యారెక్టర్ వీక్ అయిపోతుంది. రూల్స్ బాగా చదివినవాళ్లకి లాభం ఉండాలని కావాలనే అలా పెట్టామని ఆ టీమ్‌లోని మాంటీ కుక్ తర్వాత రాశాడు. అది పూర్తిగా మంచి పద్ధతి కాదని కూడా ఒప్పుకున్నాడు. చూశారా, ఈజీ అని కొత్తవాళ్ల చేతిలో పెట్టిన క్లాసే ఇప్పుడు పరీక్ష పేపర్ అయింది.

2008లో ఫోర్త్ ఎడిషన్. ఈసారి పూర్తి రివర్స్. కత్తి అయినా మంత్రమైనా అందరికీ ఒకే స్ట్రక్చర్: ఎప్పుడైనా వాడేవి, ఒక్కో పోరాటానికి ఒకసారి వాడేవి, రోజుకి ఒకసారి వాడేవి. ఫైటర్ అభిమానులు కొందరు పండగ చేసుకున్నారు. ఇంకొందరు "అందరూ ఒకేలా ఉన్నారు, ఇదేం గేమ్" అన్నారు. అసలు సింపుల్‌గా ఆడాలనుకునేవాళ్లకి చోటే లేకుండా పోయింది. అందుకే 2010లో ఎసెన్షియల్స్ పుస్తకాల్లో స్లేయర్ అనే సింపుల్ ఫైటర్‌ని తెచ్చారు. 2012లో ఎలిమెంటలిస్ట్ వచ్చింది. ఇది ముఖ్యం ఫ్రెండ్స్, ఎందుకంటే ఇది మంత్రం వేసే క్యారెక్టర్, అయినా సింపుల్. అంటే చేయడం సాధ్యమే!

2014 ఫిఫ్త్ ఎడిషన్‌లో ఒక మంచి పని చేశారు. ఫైటర్ మూడో లెవెల్‌కి రాగానే దారి ఎంచుకోవచ్చు. ఛాంపియన్ అయితే ఇరవై ముఖాల పాచికలో 20 పడినా, 19 పడినా పెద్ద దెబ్బే, గుర్తుపెట్టుకోవాల్సింది అంతే. బ్యాటిల్ మాస్టర్ అయితే మూడు యుద్ధ విద్యలు, వాటికి వాడే నాలుగు ప్రత్యేక పాచికలు, ఎప్పుడు ఏది వాడాలో ఆలోచించాలి. ఒకే కత్తి, రెండు రకాల ఆట. ఆలోచించి కత్తి తిప్పాలనుకునేవాళ్లకి చోటు దొరికింది.

మరి విజార్డ్ సంగతి? అదే పుస్తకంలో విజార్డ్‌కి ఎనిమిది దారులు ఉన్నాయి. దేంట్లోకి వెళ్లినా ఫస్ట్ లెవెల్‌లోనే ఆరు మంత్రాలున్న పుస్తకం, మూడు చిన్న మంత్రాలు చేతిలో ఉంటాయి. సింపుల్ విజార్డ్ ఒక్కడూ లేడు. అంటే పాత రూల్ సగమే విరిగింది.

నా అభిప్రాయం చెప్పనా? ఎంత ఆలోచించాలనేది ఆడేవాళ్ల ఇష్టం. ఎవరిలా ఉండాలనేది కూడా వాళ్ల ఇష్టమే. ఒకదాన్ని బట్టి ఇంకోదాన్ని మనం డిసైడ్ చేయకూడదు. ఈ గేమ్‌లో ఉన్న మజానే "నేను ఇప్పుడు ఇంకొకరిని" అనుకోవడం. మొదటి రోజే "నీకు అది కష్టం" అంటే, ఆ మనిషి రెండో రోజు రాకపోవచ్చు.

కాబట్టి మీ టేబుల్‌కి ఎవరైనా కొత్తగా వస్తే, ముందు "నువ్వు ఎవరిలా ఉండాలనుకుంటున్నావ్?" అని అడగండి. మాంత్రికుడు అంటే సరే అనండి. మంత్రాలు మీరే ఎంచి పెట్టండి, ఒక్కోటి ఏం చేస్తుందో ఒక్క లైన్‌లో కాగితం మీద రాసివ్వండి. పుస్తకం చేయని పని మనం పది నిమిషాల్లో చేయొచ్చు.

మీరైతే ఏది తీసుకుంటారు, కత్తా, మంత్రమా? కామెంట్స్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.