జ్వరము విడిచిన తరువాత

వాషింగ్టను నగరమందలి వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాలలో ఆగ్డెన్ బ్రూటన్ అను శిశువైద్యుడుండెను. సైన్యములో ఆయన కల్నలు. 1952వ సంవత్సరమున ఆయన ఎనిమిదేండ్ల బాలు నొకనిని గూర్చి చిన్న వ్యాసమొకటి ప్రకటించెను. నాలుగేండ్ల వ్యవధిలో ఆ బాలునికి పదిమారులకు పైగా ప్రాణాంతకమైన జ్వరము వచ్చెను. పలుమారులు వాని నెత్తుటిలో న్యూమోకాకస్ అను క్రిమి దొరకెను. మందిచ్చిన జ్వరము దిగును. కొంతకాలమునకు మరల వచ్చి మంచమెక్కించును.

ఇట్టి బిడ్డలు అంతకు ముందు లోకములో లేరా యని చదువరులు అడుగవచ్చును. ఉండిరి. అయితే పెనిసిలిన్ విరివిగా దొరకుట 1944 ప్రాంతపు మాట. అంతకు పూర్వము వీరు మొదటి న్యుమోనియాతోనో రెండవ దానితోనో కన్నుమూయుచుండిరి. దాని నెవరును వింతగా ఎంచలేదు, ఏలయనగా ఆ దినములలో న్యుమోనియాతో పోయిన బిడ్డ లేని ఊరు లేదు. మందు ప్రాణము నిలిపినందుననే దాని వెనుక దాగిన లోపము కంటబడినది.

ఆ లోపమును చూపిన పరికరము స్వీడను దేశపు ఆర్నె టిసీలియస్‌ది. రక్తరసములోని మాంసకృత్తులను విద్యుత్తు సాయమున వేరుపరచు పద్ధతిని ఆయన 1937లో ప్రకటించెను. 1948లో నోబెల్ బహుమానమందెను. రోగక్రిములను ఎదిరించు ప్రతిరక్షకములు గామా గ్లోబులిన్ అను భాగములో నుండునని ఆయనయు ఎల్విన్ కబాటును 1939లో చూపియుండిరి. బ్రూటన్ ఆ బాలుని రక్తరసమును అట్లు పరీక్షింపగా, ఆ భాగము కనబడవలసిన చోట ఏమియు కనబడలేదు. న్యూమోకాకస్ టీకా వేసి చూచిరి, ప్రతిరక్షకములు పుట్టలేదు. అప్పటికి హార్వర్డులో ఎడ్విన్ కోన్ గారి బృందము, దానము చేయబడిన రక్తమునుండి గామా గ్లోబులిన్‌ను వేరుచేయు విధానమును యుద్ధకాలములోనే సిద్ధపరచి యుండెను. దానిని నెలకొకమారు చర్మము క్రింద ఎక్కింపగా, ఏడాదికి పైగా బాలుని కా జ్వరము రాలేదు. రోగమునకు అగామాగ్లోబులినీమియా అను నోరు తిరుగని పేరు పెట్టిరి.

కథ ఇచ్చటితో ముగిసినట్లు చెప్పుట వాడుక. నాకు తోచినంతవరకు అసలు కథ ఇచ్చటనే మొదలగును. జ్వరము రాకపోవుట వేరు, రోగము లేకపోవుట వేరు.

బ్రూటన్ బాలునివలె ఇంజెక్షన్లతో బ్రతికిన బిడ్డలు పెద్దవారగుచు వచ్చినకొలది, వారి దగ్గు మాత్రము పోవుట లేదని వైద్యులు గమనించిరి. తెల్లవారి లేచునప్పటికి చిక్కని పసుపుపచ్చని కఫము. ముక్కు ప్రక్కల బొలు ఎముకలలో ఎడతెగని చీము. వ్రేళ్ల కొనలు ఉబ్బి గోళ్లు గుండ్రబడుట. ఊపిరితిత్తులలోని గాలిగొట్టములు సాగి వెడల్పై, తిరిగి ముడుచుకొనలేని స్థితికి వచ్చెను. ఈ వికారమును ఫ్రెంచి వైద్యుడు లెనెక్, స్టెతస్కోపును గూర్చి వ్రాసిన గ్రంథములో, 1819లోనే వర్ణించియుండెను. దానిని బ్రాంకియెక్టాసిస్ అందురు. ఇది జరుగు తీరు వినదగినది. క్రిములను చంపుటకు తెల్లకణములు గుంపులుగా వచ్చి తీక్షణమైన రసములను విడుచును. ఆ రసములు క్రిములతోపాటు గొట్టపు గోడలనుకూడ తినివేయును. గోడ చెడినచోట కఫము నిలువ యుండును, నిలువయున్న కఫములో క్రిములు మరల పెరుగును, వానికొరకు తెల్లకణములు మరల వచ్చును. ఇంటికి కావలి కాయవచ్చినవాడే ఇల్లు పడగొట్టినట్లు! బ్రిటను వైద్యుడు పీటర్ కోల్ 1986లో దీనిని విషవలయమని వర్ణించెను.

ఇంజెక్షన్ దీనిని పూర్తిగా ఎందుకు ఆపలేకపోయెను? ఎక్కించు మందులో ముఖ్యముగా నుండునది ఐజీజీ అను ప్రతిరక్షకము. ముక్కు, గాలిగొట్టములు, ప్రేవుల లోపలిపొరలను కాయునది ఐజీఏ. అది ఈ మందువలన ఆ పొరలమీదికి చేరదు. పైగా కండలోనికిచ్చు మందు బాధాకరము, కొంచెమే ఇయ్యవచ్చును. 1980 తరువాతి యేండ్లలో నరములోనికి ఎక్కించు మందు రాగా మోతాదు పెరిగెను, న్యుమోనియాలు తగ్గెను. కాని అప్పటికే సాగిన గొట్టములు బాగుపడలేదు.

ఆ మందుకూడ ఒకసారి కీడు తెచ్చెను. 1994 ప్రాంతమున కొన్ని దేశములలో నరములోనికి ఎక్కించిన గ్లోబులిన్ వలన హెపటైటిస్ సీ వైరసు రోగులకు సోకెను. ప్రతిరక్షకములే పుట్టనివారికి, ప్రతిరక్షకములను వెదకు రక్తపరీక్ష ఏమి చెప్పగలదు? వైరసునే నేరుగా వెదకవలసి వచ్చెను. తరువాత వైరసును చంపు పద్ధతులు తయారీలో చేర్చబడెను.

వీరు వైరసులను బాగుగానే తట్టుకొందురని తొలుత అనుకొనిరి. 1977లో ఆ నమ్మకము సడలెను. ప్రేవులలో నివసించు ఎకోవైరసులు ఈ రోగుల మెదడులో చేరి, నెలలు, ఏండ్లు నిలిచి, నడకను, తెలివిని మెల్లగా హరించునని ఆ యేట ప్రకటించిరి. పోలియో వైరసు ఆ జాతిదే. చుక్కలమందులోని బలహీన వైరసు మామూలు బిడ్డ ప్రేవులలో కొన్ని వారములుండి పోవును. వీరిలో నిలిచి, మారి, మరల కీడుచేయు శక్తిని పొందవచ్చును. బ్రిటనులో రోగనిరోధకశక్తి లోపించిన ఒక మనిషి 28 ఏండ్లపాటు అట్టి వైరసును విసర్జించెనని 2015లో ప్రకటితమయ్యెను. ఆయనకు పక్షవాతము మాత్రము రాలేదు.

మన దేశములో సహజ పోలియో చివరి రోగి 2011 జనవరిలో హౌరాలో కనబడెను. ఆ తరువాత మిగిలిన భయము టీకానుండి మారిన వైరసే. అది టీకాలు తక్కువపడిన చోట మనిషినుండి మనిషికి తిరిగి పుట్టవచ్చును, లేదా పైన చెప్పినట్టి ఒక్క మనిషిలో నిలిచి పుట్టవచ్చును. 2016లో హైదరాబాదు మురుగునీటిలో రెండవ రకపు వైరసు కనబడగా, జూన్ నెలలో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో సుమారు 3 లక్షల మంది పిల్లలకు చర్మములోనికి పోలియో ఇంజెక్షన్ వేసిరి.

బ్రూటన్ 2003 వరకు జీవించెను. లోపమునకు మూలమైన జన్యువు 1993లో దొరకెను. అది ఎక్సు క్రోమోసోముమీద నున్నందున ఈ జబ్బు దాదాపు మగపిల్లలకే వచ్చును. ఆ జన్యువు చేయు ఎంజైముకు ఆయన పేరే పెట్టిరి. 2013లో అమెరికాలో ఒక రక్తపు క్యాన్సరుకు ఇబ్రుటినిబ్ అను బిళ్లకు అనుమతి వచ్చెను. అది పనిచేయుట ఆ ఎంజైమును అణచియే. దానిని మ్రింగు పెద్దలలో కొందరికి న్యుమోనియాలు వచ్చుచున్నవి; కావున వైద్యులు వారి జ్వరమును, దగ్గును కనిపెట్టి చూచుచున్నారు.