ఆదాయపు పన్ను రిటర్నులో పొరపాట్లు – సరిదిద్దుకొనే విధానం

హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దానిని ఆనుకొని ఉన్న తార్నాకలలో అధ్యాపకులు, జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వంటి పరిశోధనా సంస్థల ఉద్యోగులు, పింఛనుదారులు ఎందరో ఉన్నారు. రిటర్ను దాఖలు చేసిన పిదప పొరపాటు కనిపిస్తే వీరు ఆందోళన చెందనవసరం లేదు. 1961 ఆదాయపు పన్ను చట్టం సవరణకు అవకాశం కల్పించింది. పొరపాటు ఎవరిది, ఎప్పుడు గుర్తించారు అన్న అంశాలను బట్టి మార్గం మారుతుంది.

సాధారణ పొరపాట్లు

భర్త మరణానంతరం వచ్చే కుటుంబ పింఛనును కొందరు జీతంగా చూపి, రూ. 75,000 ప్రామాణిక తగ్గింపు కోరుతుంటారు. ఇది సరికాదు. కుటుంబ పింఛను ఇతర ఆదాయం కిందకు వస్తుంది. 2025-26 మదింపు సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో పింఛనులో మూడవ వంతు లేదా రూ. 25,000, వీటిలో ఏది తక్కువైతే అది మాత్రమే తగ్గింపుగా లభిస్తుంది. బ్యాంకు డిపాజిట్ల వడ్డీని విస్మరించడం, ఏడాది మధ్యలో సంస్థ మారినవారు ఒకే ఫారం 16ను లెక్కించడం కూడా తరచు జరిగేవే. ఫారం 26ఏఎస్, వార్షిక సమాచార నివేదికలతో రిటర్నును సరిపోల్చుకుంటే ఇవి బయటపడతాయి.

సవరించిన రిటర్ను

సెక్షన్ 139(5) కింద సవరించిన రిటర్ను దాఖలు చేయవచ్చు. గడువు దాటిన తరువాత వేసిన రిటర్నుకు సైతం ఈ సదుపాయం వర్తిస్తుంది. 2025-26 మదింపు సంవత్సరానికి ఇందుకు 2025 డిసెంబరు 31 చివరి తేదీ. ఆర్థిక చట్టాల ద్వారా గడువులు మారుతుంటాయి కనుక ఆయా సంవత్సరపు తేదీని సరిచూసుకోవలసి ఉంటుంది.

మొదటి రిటర్ను రసీదు సంఖ్య, తేదీ పేర్కొని ఫారం మొత్తాన్ని తిరిగి నింపాలి. కొత్త రిటర్ను పాతదాని స్థానంలోకి వస్తుంది. అదనపు పన్ను ఉంటే వడ్డీతో చెల్లించి, 30 రోజులలోగా ధ్రువీకరించాలి. ఆధార్‌తో అనుసంధానమైన మొబైల్‌కు వచ్చే ఓటీపీతో ఈ పని ఇంటి నుంచే పూర్తవుతుంది.

గడువు దాటితే

2025 ఆర్థిక చట్టం ప్రకారం మదింపు సంవత్సరం ముగిసిన నాటి నుంచి 48 నెలల వరకు నవీకరించిన రిటర్ను వేయవచ్చు. పన్ను, వడ్డీల మొత్తంపై మొదటి ఏడాది 25 శాతం, తరువాతి ఏడాదులలో వరుసగా 50, 60, 70 శాతం అదనపు పన్ను పడుతుంది. రీఫండు పెంచుకొనేందుకు లేదా పన్ను తగ్గించుకొనేందుకు ఈ మార్గం పనికిరాదు.

శాఖ నుంచి నోటీసు వస్తే

రిటర్ను లోపభూయిష్టమని సెక్షన్ 139(9) కింద నోటీసు వస్తే 15 రోజులలో సరిచేయాలి. రిటర్ను సరిగానే ఉండి, మూలంలో కోసిన పన్నును శాఖ లెక్కించకపోతే సవరించిన రిటర్ను అవసరం లేదు. సెక్షన్ 154 కింద సవరణకు దరఖాస్తు చేయాలి. ఉత్తర్వు వెలువడిన ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుంచి నాలుగేళ్ల వరకు దీనికి వ్యవధి ఉంది.

ఆదాయం తక్కువగా చూపినట్లు శాఖ నిర్ధారిస్తే, ఆ మేరకు పన్నుపై 50 శాతం, తప్పుడు సమాచారమిచ్చినట్లు తేలితే 200 శాతం జరిమానా విధించే వీలుంది. పింఛనుపై ఆధారపడిన కుటుంబాలకు ఇది మోయలేని భారం. కావున పొరపాటును గుర్తించిన వెంటనే, నోటీసు కోసం వేచి ఉండక, స్వయంగా సరిదిద్దుకోవడం శ్రేయస్కరం.