తాటాకు నుంచి డేటాబేస్ దాకా: పాఠశుద్ధి సంప్రదాయం

ఒక గ్రంథం మన చేతికి అందేనాటికి అది కర్త రచించిన రూపంలోనే ఉండటం అరుదు. తాటాకుపై గంటంతో లేఖకుడు ఎక్కించిన ప్రతిలో పదాల నడుమ ఎడం ఉండదు, విరామ చిహ్నాలు ఉండవు. ఒక పంక్తి జారిపోవచ్చు, ఒక అక్షరం మరొకటిగా మారవచ్చు. ఆ ప్రతిని చూసి వ్రాసిన తరువాతివాడు పాత దోషాలకు తనవి కొన్ని చేర్చుతాడు. అందుకే గ్రంథాంతంలో తప్పులు మన్నించమని పండితులను వేడుకొనే ఆచారం లేఖకులలో ఏర్పడింది. నేడు పాత దస్త్రాలను కంప్యూటర్ డేటాబేస్‌లోకి ఎక్కించే ఉద్యోగికి ఎదురయ్యే చిక్కు స్వరూపంలో కొత్తదే గాని, స్వభావంలో పాతదే.

తెలుగునాట ఈ పని పెద్దయెత్తున జరగడానికి పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో పునాది పడింది. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా నియుక్తుడైన కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సహాయంతో శాసనాలను, గ్రామ కైఫీయతులను సేకరించాడు. సేకరణ ఒక ఎత్తు, దానిని వాడుకకు తేవడం మరొక ఎత్తు. 1821లో మెకంజీ మరణించగా, ఆ సంపదకు విల్సన్ కూర్చిన వివరణ పట్టిక 1828లో గాని వెలువడలేదు.

పాఠశుద్ధిని ఒక పద్ధతిగా నడిపించిన ఘనత చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884)కు చెందుతుంది. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన బ్రౌన్, అనంతర కాలంలో అక్కడ ఒక బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను, లేఖకులను పోషించాడు. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులను తెప్పించడం, పద్యాలకు వరుస సంఖ్యలు వేయించడం, ప్రతులలోని పాఠభేదాలను ఒకచోట చేర్చి వ్రాయించడం, ఆపైన పండితుల చర్చ విని ఒక పాఠాన్ని నిర్ణయించడం ఆయన అనుసరించిన క్రమం. వసుచరిత్ర, మనుచరిత్రలకు వ్యాఖ్యానం సమకూర్చిన జూలూరి అప్పయ్య వంటి విద్వాంసులు ఈ కృషిలో పాలుపంచుకొన్నారు. 1829లో 693 వేమన పద్యాలతో వెలువడిన సంపుటి, 1839 నాటి కూర్పులో 1164 పద్యాలకు పెరిగింది. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది: నిర్ణయించిన పాఠం పక్కన నిరాకరించిన పాఠం కూడా నిలిచి ఉంటేనే, నిర్ణయం సరియైనదా కాదా అని తరువాతి తరం పరీక్షించగలుగుతుంది.

కంప్యూటర్ వచ్చాక తాటాకు స్థానాన్ని ఫాంటు ఆక్రమించింది. భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం 1991లో స్థిరపడింది. యూనికోడ్ తొలి కూర్పులోనూ అదే ఏట తెలుగుకు చోటు దక్కింది. అయినా ఆ దశాబ్దంలో అనేక కార్యాలయాలు, ముద్రణాలయాలు తమతమ ఫాంట్లతోనే పని సాగించాయి. ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు అక్షరఖండాలను అమర్చిన ఆ ఫైళ్లు, ఫాంటు లేనిచోట అర్థంలేని ఆంగ్లాక్షరాల కుప్పలుగా కనిపిస్తాయి.

యూనికోడ్‌లోకి మార్చిన తరువాత సైతం కంటికి కానరాని దోషాలు మిగులుతాయి. తెలుగు అంకెలలోని సున్న, అనుస్వారం చూపులకు ఒకేలా ఉంటాయి. యంత్రానికి అవి వేర్వేరు. ఒకదానికి బదులు మరొకటి పడితే ఆ పేరు ఎంత వెదకినా దొరకదు. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జంటగానూ నమోదు చేయవచ్చు. వీటిని ఏకరూపానికి తేవడం నిస్సందేహంగా అవసరం. కాలనిర్దేశం సంగతి వేరు. దస్త్రంలో 1300 అని మాత్రమే ఉంటే అది శకమైతే 1378 ప్రాంతం, హిజ్రీ అయితే 1882, ఫసలీ అయితే 1890 అవుతుంది. ప్రభవ అని ఉంటే 1807 కావచ్చు, 1867 కావచ్చు. ఇక్కడ యంత్రం తీర్పు చెప్పజాలదు. దస్త్రాన్ని ఎరిగిన మనిషి కావాలి.

ఈ సందర్భంలో నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో గ్రామవృత్తాంతాల సూచికను డేటాబేస్‌లోకి చేర్చే పని జరిగింది. వెదకడానికి సులువుగా ఉంటుందని అరసున్నలన్నీ తీసివేయించి, బండిఱలన్నిటినీ సాధురేఫలుగా మార్పించాము. ఆ ఉత్తరువుపై సంతకం నాదే. అప్పుడు ఏఁడు, ఏడు ఒక్కటయ్యాయి: సంవత్సరమేదో, సంఖ్య ఏదో తెలియలేదు. నదిని తెలిపే ఏఱు, నాగలిని తెలిపే ఏరు కలిసిపోయాయి. ఒక పరిశోధకుడు పాత వర్ణక్రమం అడిగిన రోజున మూల ఫైలు మా వద్ద లేదు. దానిమీదే మార్పులు చేసి భద్రపరిచాము. తిరిగి కాగితపు సంపుటాలను తెరిస్తే కొన్ని పుటల అంచులు అప్పటికే రాలిపోయి ఉన్నాయి. శుభ్రం చేశామనుకొన్నచోట మేము చెరిపివేశామని అప్పుడు తెలిసింది.

నాటి నుంచి నేను పాటిస్తున్న నియమాలు నాలుగు. మూల పాఠాన్ని ఒక గడిలో యథాతథంగా నిలపాలి. సవరించిన రూపాన్ని పక్క గడిలో వేరుగా చేర్చాలి. ఏ మార్పు ఎవరు, ఎందుకు చేశారో మూడవ గడిలో వ్రాయాలి. సందేహం తీరని చోట సందేహమనే నమోదు చేయాలి. ఇందులో నా సొంత ఆవిష్కరణ ఏమీ లేదు. పాఠభేదాలను దాచి ఉంచిన పరిష్కర్తల మార్గమే ఇది.

పరిష్కరణ అంటే దోషాన్ని తొలగించడమే కాదు, దోషమని మనం భావించినదానికి సాక్ష్యాన్ని నిలపడం కూడా. లేఖకుడు తన తప్పులకు క్షమాపణ కోరుకొన్నాడు. మన తప్పులను దిద్దే అవకాశమైనా రాబోయేవారికి మిగల్చడం మన కర్తవ్యం.