భుజాస్థిభగ్నము - కట్టు విద్య

దండచేతి యెముక బుజముకడ విఱిగినచో మన పల్లెలలో మొదట వినవచ్చు మాట ‘కట్టు గట్టింపుడు’ అనునది. సూర్యాపేట, కోదాడ పట్టణములు హైదరాబాదు, విజయవాడల నడిమి రహదారిపై నున్నవి. మిర్యాలగూడ సాగరు ఎడమకాలువ క్రింది వరిసీమ. బండిమీదినుండి పడిన యువకుడును, వాకిట జాఱిపడిన వృద్ధురాలును ఆ యొక్క మాటనే విందురు. దాని వెనుక దీర్ఘమైన చరిత్ర గలదు. మేము దానిని గొంచెము విచారింప దలచితిమి.

సుశ్రుతసంహిత కాండభగ్నములను 12 విధములుగా విభజించినది. మఱ్ఱి, రావి, మేడి, మోదుగు మున్నగు చెట్ల పట్టలను, వెదురును బద్దలుగా వాడుమన్నది. కట్టు వదులైనచో సంధి నిలువదనియు, మిక్కిలి బిగువైనచో వాపును నొప్పియు గలుగుననియు హెచ్చరించినది. చలికాలమున 7 దినములకు, సమశీతోష్ణకాలమున 5 దినములకు, వేసవిని 3 దినములకు కట్టు మార్పవలెనట. తొలివయసున 1 నెలకు, నడివయసున 2 నెలలకు, వార్ధకమున 3 నెలలకు సంధి స్థిరపడునని చెప్పుట మాకు మిక్కిలి గొప్పగా దోచుచున్నది. వయస్సునుబట్టి యెముక గుణము మాఱునని యా ప్రాచీనులు గ్రహించిరి.

కాని చర్మము క్రిందిది వారి కంటికి గనబడలేదు. దండయెముక శిరస్సునకు రక్తము నందించు నాళములు దాని మెడను జుట్టి పోవును. మెడకడ రెండుగా మాత్రమే విఱిగి, ముక్కలు దగ్గఱగా నున్నచో నెముక సామాన్యముగా నతుకును. నాలుగు ముక్కలై చెదరినచో రక్తము తెగి శిరస్సు మృతి జెందవచ్చును. ముక్కలు ఎడమైనను, నిలుకడ లేకున్నను అతుకు పడకపోవచ్చును. వంకరగా నతికినచో చేయి పైకి లేవదు. నెలలకొలది కదలింపక కట్టియుంచినచో ఎముక యతికినను కీలు బిగిసిపోవును. ఇన్ని భేదములును పైనుండి చూచువానికి ఒకే వాపుగా గనబడును.

1895లో రాంట్‌గెన్ ఎక్స్‌కిరణములను గనిపెట్టిన పిమ్మట నీ మఱుగు తొలగెను. 1934లో కాడ్మన్ అను అమెరికా వైద్యుడు ఈ యెముక నాలుగు భాగములుగా విఱుగు తీరును వివరించెను. 1970లో నీర్ అనునాతడు 1 సెంటిమీటరు తొలగుటనో, 45 డిగ్రీలు వంగుటనో కొలతగా గొని భగ్నములను వర్గీకరించెను. అట్లని శస్త్రమే శరణ్యమని తలపరాదు. 2015లో ప్రకటింపబడిన బ్రిటనుదేశపు పరిశోధన యొకటి తొలగిన భగ్నములుగల 250 మందిని పరిశీలించి, శస్త్రచికిత్స పొందినవారికిని జోలెకట్టుతో నున్నవారికిని రెండేండ్లలో జెప్పదగిన భేదము లేదని తేల్చినది.

కావున చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టునకు పేరు వచ్చుట వింత గాదు. మాకు కట్టుతో వైరము లేదు; లోపలి స్థితి చూడక కట్టుటయే యనర్థము. 2019లో సూర్యాపేటయందును నల్లగొండయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. దూరమను సాకు ఈ సీమవారికి చాలవఱకు దీఱినది. కట్టుటకు ముందొకమాఱు, కట్టిన కొన్ని వారములకు మరల నొకమాఱు ఎముక ఛాయను దీయించి, వైద్యుడు చెప్పిన దినమునుండి చేతిని గదలింపవలెను. మూడునెలలు గడచినను విఱిగినచోట కదలికయు నొప్పియు నుండి, తల దువ్వుకొనుటకు చేయెత్తజాలని ముదుసలిని ‘వయసు మీఱినది, ఇంతే’ యని యింట గూర్చుండబెట్టుట తగదు.