తుమ్మలపల్లెలో వేసవి ఇంటర్న్‌షిప్: అవగాహన ఎవరికి కావాలి?

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివే పిల్లలకు ఇంటర్న్‌షిప్ ఇప్పుడు ఇష్టముంటే చేసేది కాదు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో తెచ్చిన పాఠ్యప్రణాళిక 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది పరీక్షలయ్యాక వచ్చే భాగాన్ని కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అంటారు. ఊరికి పోవాలి, ఇంటింటి సర్వే చేయాలి, ఒక సమస్య ఎంచుకుని జనానికి అవగాహన కల్పించాలి, లాగ్‌బుక్ నింపాలి. పులివెందుల, వేంపల్లె, కడప కాలేజీల పిల్లలు ఈ పనికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. వేముల మండలంలో తుమ్మలపల్లె ఉంది. పర్యావరణం, ప్రజల భాగస్వామ్యం అనే మాటలకు రాయలసీమలో ఇంతకంటే కఠినమైన పరీక్ష ఇంకోచోట దొరకదు. ఆ ఊళ్ళకు వేసవిలో పోవాలనుకునే విద్యార్థుల కోసం మేము ఇది రాస్తున్నాం.

ముందు గని సంగతి. ఇక్కడి యురేనియం గనిని, శుద్ధి కర్మాగారాన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ నడుపుతోంది. 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో పని మొదలైంది. రోజుకు 3000 టన్నుల ముడిరాయిని శుద్ధి చేసే లెక్కతో కట్టారు. టన్ను రాయిలో అర కిలో యురేనియం కూడా ఉండదు. కాబట్టి తవ్విన రాయి దాదాపు మొత్తం పిండై, బురదై టైలింగ్ పాండ్‌కు చేరుతుంది. ఇక్కడి రాయి సున్నపు జాతిది కనుక జాదూగూడలోలాగా ఆమ్లంతో కాకుండా సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో యురేనియాన్ని తీస్తారు. అందుకే పాండ్‌కు పోయే నీటిలో సోడియం లవణాలు మెండు. బురదలో మిగిలిపోయే రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది.

పాండ్ దగ్గరున్న కొట్టాల, మబ్బుచింతలపల్లె వైపు రైతులు అరటి తోటలు ఎండిపోతున్నాయని, బోరు నీళ్ళు మారిపోయాయని, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయని ఏళ్ళుగా చెబుతున్నారు. టైలింగ్ పాండ్ అడుగున షరతుల ప్రకారం వేయాల్సిన పొర విషయంలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2019 ఆగస్టులో సంస్థకు నోటీసు ఇచ్చింది. తాము నిబంధనల ప్రకారమే కట్టామని, ఈ ప్రాంతపు భూగర్భ జలాల్లో యురేనియం సహజంగానే ఉందని సంస్థ వాదన. రెండో మాటను కొట్టిపారేయలేం. కడప రాళ్ళలో యురేనియం ఉంది కాబట్టే గని వచ్చింది. అసలు ప్రశ్న ఎంత పెరిగింది, ఎక్కడ పెరిగింది, ఎప్పటి నుంచి అన్నది. దానికి జవాబు కావాలంటే గని రాకముందు లెక్కలు, ఇప్పటి లెక్కలు పక్కపక్కన ఉండాలి.

ఇలాంటి పనికి బయటి దేశాల్లో మూలవాసుల పర్యావరణ ఇంటర్న్‌షిప్ అనే పేరుంది. ఆ పేరును తుమ్మలపల్లెకు అలాగే తగిలిస్తే పొరపాటవుతుంది. నల్లమల చెంచులకైతే అటవీ హక్కుల చట్టం ఉంది. అమ్రాబాద్ వైపు షెడ్యూల్డ్ ప్రాంతం కావడంతో పెసా కూడా ఉంది. అక్కడ యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా ఉద్యమం లేచినప్పుడు 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభే తీర్మానం చేసింది. వేముల మండలం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. గ్రామసభ వద్దంటే ఆగిపోయే ఏర్పాటు ఇక్కడ లేదు. ఇక్కడి దళితులకు నేలతో ఉన్న సంబంధం అడవి మీద హక్కులా కాగితం మీద కనపడదు. డీకేటీ పట్టా, కౌలు, కూలి, జీవాలు మేపుకునే బంజరు - ఆ సంబంధం ఇదీ.

మేము మొదట తయారు చేసుకున్న ప్రశ్నాపత్రంలో ఎకరాలెన్ని అన్న గడి రెండో వరసలోనే ఉండేది. ఎస్సీ కాలనీలో ఇంటి తర్వాత ఇంటికి అక్కడ సున్నా వేసి, తర్వాతి గడులన్నీ ఖాళీగా వదిలి ముందుకు కదిలేవాళ్ళం. సాయంత్రం కాగితాలు సర్దుకుంటుంటే అర్థమైంది, భూసేకరణ అధికారి చేసే పనే మేమూ చేస్తున్నామని. 1894 నాటి భూసేకరణ చట్టం కింద పరిహారం నేల ఉన్నవాడిదే. ఆ నేలలో కలుపు తీసి, శెనక్కాయలు పీకి, అరటి గెలలు మోసి బతికినవాళ్ళు ఆ లెక్కలోకి రారు. వ్యవసాయ కూలీలను, కౌలుదార్లను బాధిత కుటుంబాలుగా గుర్తించింది 2013 చట్టం. అదీ అంతకుముందు మూడేళ్ళు ఆ నేల మీదే ఆధారపడ్డట్టు తేలితే. తుమ్మలపల్లె భూసేకరణ నాటికి ఆ చట్టమే లేదు. నేల పోయిన ఇంటికి ఉద్యోగం అన్న హామీ కూడా నేల లేని ఇంటి గడప దాకా రాదు.

ఎసైన్డ్ భూమి సంగతి ఇంకొకటి. ప్రభుత్వం ఇచ్చింది ప్రభుత్వమే తీసుకుంటోంది, పరిహారమెందుకు అన్న మాట గ్రామాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఎసైన్డ్ పట్టాదారుకూ మామూలు పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే, మేకల పాండు కేసులో, తేల్చింది. ఆ తీర్పు సారాన్ని ఒక పేజీ తెలుగులో రాసి పట్టుకుపోయే విద్యార్థి చేతులు కడుక్కోవడం మీద పోస్టర్లు అంటించే విద్యార్థి కంటే చాలా ఎక్కువ పని చేసినట్టు.

ఊళ్ళో మొదట ఎవరింట్లో మంచినీళ్ళు తాగామన్నది సర్వే ఫలితాన్ని మారుస్తుంది. పెద్ద రైతు అరుగు మీద కూర్చుని మొదలుపెట్టిన సర్వేకు వాడలో జవాబులు పొడిపొడిగా వస్తాయి. వాడ నుంచి మొదలుపెట్టాలి. మే నెలలో పొద్దున పూట ఇళ్ళకు తాళాలుంటాయి, జనం ఉపాధి పని దగ్గర ఉంటారు. మాట్లాడాలంటే అక్కడికే పోవాలి. ఆడవాళ్ళను విడిగా అడగాలి. నీళ్ళు మోసేది, పప్పు ఉడకడం లేదని ముందు కనిపెట్టేది వాళ్ళే. ఒక్కోసారి ఒకే ఇంట్లో అన్న గనిలో కాంట్రాక్టు కూలీ, తమ్ముడు ఎండిన తోట దగ్గర. వాళ్ళిద్దరి మాటా రాసుకోవాలి, ఇద్దరి పేర్లూ రాయకూడదు. మన లాగ్‌బుక్‌లో పేరు కనబడ్డందుకు ఒకరి కూలి పోతే దాన్ని మనం తిరిగి ఇవ్వలేం.

నీటి పరీక్షలో విద్యార్థి చేయగలిగినంతే చేయాలి. టీడీఎస్, పీహెచ్ చేతిలో పట్టే మీటర్లతో తెలుస్తాయి. యురేనియం తెలియదు, దానికి ప్రయోగశాల కావాలి. ఏ బోరు, ఎంత లోతు, ఏ తేదీ, ఆ నీళ్ళు తాగడానికా, జీవాలకా, చేనికా - ఇవి రాయని సీసా ఏ ప్రయోగశాలకు పంపినా దండగ. వేసవిలో ఒకసారి తీసిన నమూనాతో తీర్పు చెప్పకూడదు, వానల తర్వాత మళ్ళీ తీయాలి. పరిమితుల విషయంలోనూ జాగ్రత్త పడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాములంటుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి లెక్క 60. లీటరుకు 45 ఉన్న బోరు ఒక కాగితంలో ప్రమాదం, ఇంకో కాగితంలో క్షేమం. ఫలితం చెప్పేటప్పుడు రెండు అంకెలూ చెప్పాలి.

ఫలితం ఎవరికి చెప్పాలన్న దాని మీద అమెరికాలోని నవాహోలు చాలా ముందున్నారు. వాళ్ళ నేల మీద 500కు పైగా వదిలేసిన యురేనియం గనులున్నాయి. 1979 జులైలో చర్చ్ రాక్ దగ్గర టైలింగ్ పాండ్ కట్ట తెగి, 9 కోట్ల గ్యాలన్లకు పైగా మురుగు వాగులో కలిసింది. 2005లో నవాహో నేషన్ తన నేల మీద యురేనియం తవ్వకాన్ని నిషేధించింది. పరిశోధనను కూడా వాళ్ళు ఊరికే వదల్లేదు. నవాహోల ఆరోగ్యం మీద ఎవరు పని చేయాలన్నా వాళ్ళ సొంత సమీక్షా మండలి అనుమతి కావాలి, ఫలితాలు ముందు వాళ్ళకు చెప్పాలి. వాళ్ళ డినే కాలేజీ వేసవిలో నవాహో విద్యార్థులకే ప్రజారోగ్య పరిశోధన నేర్పుతుంది. మన దగ్గర వేసవి అయిపోగానే లాగ్‌బుక్ కాలేజీ బీరువాలో పడుతుంది. ఊరికి ఒక్క కాగితం తిరిగిరాదు. మూడో సర్వేకు జవాబు చెప్పడానికి జనం విసుక్కుంటే తప్పెవరిది?

ఇప్పుడు ఈ పని ఇంకా ముఖ్యమైంది. తుమ్మలపల్లె గని మీద 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అది ఎంత లోపంగా జరిగిందని ఎంత వాదించినా, మైకు ముందు నిలబడి వద్దనే అవకాశం ఒకటుండేది, ఆ మాట మినిట్స్‌లో ఎక్కేది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఆఫీసు మెమొరాండంతో అణు ఖనిజాల తవ్వకానికి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో బోర్లు వేసి యురేనియం వెతుకుతారని తెలిసి 2024 చివర చుట్టుపక్కల పల్లెలు రోడ్డెక్కాయి. రేపు అలాంటి ఊరికి అనుమతి ఫైలులో మాట్లాడే చోటే ఉండదు. గని రాకముందు బోరు నీళ్ళ లెక్క, కూలి రోజుల లెక్క, కౌలు ఒప్పందాల లెక్క ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే, రేపు ఏ కోర్టులోనైనా అంతా సహజమే అన్న వాదనకు ఎదురు చూపడానికి ఏమీ మిగలదు.

అందుకే అవగాహన సదస్సు పెట్టే రోజున దాన్ని తిరగేయమంటాం. పర్యావరణ అనుమతి పొందిన ప్రాజెక్టులు ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి షరతులు ఎంతవరకు పాటించారో నివేదిక ఇవ్వాలి. అవి ప్రజలు చూడగల పత్రాలు, కానీ ఇంగ్లీషులో ఉంటాయి. వేసవి సెలవుల్లోనే ఒక గడువు వస్తుంది. ఆ నివేదిక సంపాదించి, దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, తెలుగులో రాసి, కాలనీలో రాత్రి ఏడు దాటాక చదివి వినిపించాలి. మొక్కలు నాటామని రాసిన చోట మొక్కలున్నాయా, నీటి నమూనా తీశామన్న బోరు ఎవరిది, ఆ రోజు ఎవరైనా చూశారా - జవాబులు అక్కడే వస్తాయి. వాటిని తేదీతో సహా రాసుకుని, ఒక ప్రతి ఊళ్ళో వదిలి, ఒక ప్రతి మండలికి పంపి, మూడోది లాగ్‌బుక్‌కు జత చేస్తే కాలేజీ అడిగిన సంతకాలు కూడా వచ్చేస్తాయి.