బోల్టు బిగువు - కొలిచే స్పానరు

మట్టిబాటలపై పరుగెత్తే చిన్న మోటారు సైకిలుకు అదురు ఎక్కువ. బోల్టు వదులైతే ఊడిపోతుంది. మితిమీరి బిగిస్తే ఇంజనులోని మెత్తని అల్యూమినియపు మరచుట్లు తెగిపోతాయి. మరి తగిన బిగువు ఎంత? చాలకాలము పనివాని చేతి అలవాటే దీనికి ప్రమాణము.

ఆ అలవాటును నమ్మని వారిలో ఒకడు నీటి గొట్టాల పనివాడు. న్యూయార్కు నగర నీటిసరఫరా శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్, గొట్టాల అతుకుల వద్ద బోల్టులు తలకొక బిగువున ఉండుట చూచి విసిగిపోయినాడు. బిగువు మితిమీరనీయని పనిముట్టును 1918లోనే చేసితినని ఆయన చెప్పుకొన్నాడు. ఎవరు ముందన్న తగవు మనకు అక్కరలేదు గాని, కొలిచే స్పానరుకు మొదటి పేటెంటు దరఖాస్తు మాత్రము 1931లో చికాగో వాసి జాన్ షార్ప్ పెట్టినదే. 1935 ప్రాంతమున బార్, మరొకరితో కలిసి, కోరిన బిగువు రాగానే చప్పుడు చేసే స్పానరుకు పేటెంటు పొందినాడు.

అయితే ఈ స్పానరు కొలిచేది త్రిప్పే బలమునే. బోల్టు నిజానికి ఒక గట్టి స్ప్రింగు. రవంత సాగి, ఆ లాగుడుతో భాగములను నొక్కి పట్టుకొంటుంది. మనము త్రిప్పే బలములో పది పాళ్ళకు సుమారు ఒక పాలే ఆ సాగుటకు అందుతుంది. తక్కినదంతా బోల్టు తల క్రింద, మరచుట్ల మధ్య ఒరపిడికే సరి. అందుచేత పొడి బోల్టుకు చెప్పిన అంకె, నూనె పూసిన బోల్టుకు పనికిరాదు. ఒరపిడి తగ్గి, అదే అంకె వద్ద బోల్టు మరింత సాగుతుంది. ఒక్కొక్కప్పుడు తెగుతుంది కూడ.